తిరగబడిన తేదీలు: ఒక దిబ్బ తవ్వకం, ఒక శిక్షణ కేస్ స్టడీ

రేడియోకార్బన్ ల్యాబ్ (బొగ్గు, ఎముక, గింజ లాంటివాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వాటి వయసు చెప్పే ల్యాబ్) నుంచి రిపోర్టు వచ్చిన రోజు ఆరు శాంపిళ్ల ఫలితాలను ఒక కాగితం మీద పైనుంచి కిందికి రాసుకున్నాను. దిబ్బలో లోతుకు దిగేకొద్దీ కాలం వెనక్కి వెళ్లాలి. మాకు వచ్చిన వరుస అలా లేదు. మూడో పొరలోని బొగ్గు, దానికి చాలా కిందనున్న ఆరో పొర కన్నా దాదాపు 300 ఏళ్లు పాతదని తేలింది. ఏడో పొరలోని బొగ్గు వయసేమో సరిగ్గా రెండో పొరతో కలిసింది. ఎనిమిదో పొర నుంచి పంపిన ఎముకకు అసలు తేదీయే రాలేదు. దాని పక్కన "కొలాజెన్ లేదు" అని మాత్రం ఉంది. ఎముకకు తేదీ తీసేది సాధారణంగా అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ నుంచే. రెండు, ఐదు, ఆరు పొరల తేదీలు మాత్రమే ఉండాల్సిన చోట ఉన్నాయి.

సైట్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఉష్ణమండలంలో, నది ఒడ్డున, కాపలా లేని దిబ్బ అది. దొంగ తవ్వకాల భయం నిజంగానే ఉంది. లోహం వాడకం మొదలవకముందు పశువులను పెంచుకుంటూ, కొద్దిగా సాగు చేసుకుంటూ బతికినవాళ్ల ఊరు. మట్టి 2.8 మీటర్ల మందం. మేం తవ్వింది అయిదు మీటర్ల చదరం ఉన్న ఒకే ఒక్క ట్రెంచ్. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పురావస్తు సైంటిస్టుగా పనిచేయడం అంటే ఏమిటి, ఆ పనికి ఎలాంటి శిక్షణ కావాలి అని అడిగేవాళ్లకు నేను ఈ ట్రెంచ్ గురించే చెబుతుంటాను. ఇక్కడ జరిగిన తప్పు నాది. దాన్ని సరిదిద్దే క్రమంలో మా బృందం శిక్షణ ఇచ్చే పద్ధతే మారిపోయింది.

మొదట మాకు తట్టిన అనుమానం అందరికీ తట్టేదే: ల్యాబ్‌లో ఏదో కలిసిపోయి ఉంటుంది. ల్యాబ్‌కు రాశాం. వాళ్లు ఓపిగ్గా వివరాలన్నీ పంపారు. ప్రతి ముక్కను మొదట ఆమ్లంతో కడిగి కార్బనేట్లు తీశారు, తర్వాత క్షారంతో కడిగి మట్టి నుంచి చేరే హ్యూమిక్ పదార్థాలు తీశారు, మళ్లీ ఆమ్లంతో కడిగారు. ప్రతి దశలో ఎంత బరువు మిగిలిందో, చివరికి ఎంత శాతం కార్బన్ వచ్చిందో అంకెలతో సహా ఇచ్చారు. అన్నీ మంచి బొగ్గుకు ఉండాల్సినట్టే ఉన్నాయి. ఆ అంకెలను ముందే అడిగి తెప్పించుకోవాలన్న సంగతి మా బృందంలో ఎవరికీ తెలియదు. తేదీ, దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ (ఎటైనా ఎన్నేళ్ల తేడా ఉండొచ్చో చెప్పే అంకె), అంతవరకే చదవడం మాకు అలవాటు.

అంటే యంత్రం చెప్పినది నిజం. మేం పంపిన ముక్కలే మేం అనుకున్న కాలానివి కావు.

మూడో పొర

మూడో పొరలో కాలిన ఇల్లు ఉంది. నేల మీద కూలిన దూలం బొగ్గై, పొడవాటి ముద్దలా దొరికింది. ఎవరి చెయ్యైనా ముందు దాని మీదికే పోతుంది: పెద్దది, గట్టిది, చోటు స్పష్టం. నాకు చదువు చెప్పినవాళ్లు కూడా అలాంటి ముక్కనే తీసుకోమన్నారు. ఆ సలహా ఎక్కడినుంచి వచ్చిందో చాలా ఆలస్యంగా అర్థమైంది. విల్లార్డ్ లిబ్బీ 1949లో రేడియోకార్బన్ పద్ధతిని నిరూపించినప్పుడు ఒక్కో కొలతకు గ్రాముల కొద్దీ కార్బన్ కావలసి వచ్చేది. అప్పుడు పెద్ద ముద్ద తీసుకోక తప్పదు. 1970ల చివర్లో, కార్బన్ పరమాణువులను నేరుగా లెక్కించే యాక్సిలరేటర్ పద్ధతి వచ్చాక ఒక మిల్లీగ్రాము కార్బన్ ఉన్నా సరిపోతోంది. యంత్రం మారినా మా పాఠం మారలేదు. పాత యంత్రానికి పనికొచ్చే అలవాటుతో కొత్త యంత్రానికి శాంపిల్ పంపాం.

చెట్టు మానులో ప్రతి వలయం అది పెరిగిన ఏడాదే గాలి నుంచి కార్బన్ తీసుకుంటుంది, ఆ తర్వాత తీసుకోదు. మూడు వందల ఏళ్ల చెట్టును ఇవాళ నరికినా, దాని నడిమి చేవ అప్పటికే మూడు వందల ఏళ్ల పాతది. పైగా మంచి దూలాన్ని ఎవరూ పారేయరు. పాత ఇంటి నుంచి తీసి కొత్త ఇంటికి వేస్తారు. మేం పంపింది దూలం మధ్య భాగం. అది చెట్టు ఎప్పుడు పెరిగిందో చెప్పింది, ఇల్లు ఎప్పుడు కాలిందో చెప్పలేదు.

ఏడో పొర

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టిన తప్పు. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

రెండో సీజన్‌లో పూడ్చిన ట్రెంచ్‌ను తెరిచి, ఈశాన్య మూల సెక్షన్‌ను (పొరలు కనిపించే ట్రెంచ్ నిలువు గోడను) పది సెంటీమీటర్లు వెనక్కి నిలువుగా చెక్కాం. పొద్దు వాలే వేళ స్ప్రేయర్‌తో గోడంతా సన్నగా నీళ్లు చల్లాం. వాలు వెలుతురులో, తడిలో, మట్టి రంగుల తేడా బాగా తెలుస్తుంది. మొదట ఏమీ కనిపించలేదు. అంతా ఒకే గోధుమ బూడిద రంగు. పావుగంట తర్వాత గోడ ఆరడం మొదలైంది. శిక్షణలో ఉన్న అమ్మాయి గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. "మేడమ్, ఈ మూల ఒక్కచోటే ఇంకా తడి ఆరలేదు, చూడండి" అంది. వెళ్లి చూశాను. మూల వైపు ఒక పట్టీ ఇంకా నల్లగా ఉంది. దాని అంచు రెండో పొర అడుగు నుంచి మొదలై, కొద్దిగా వంపు తిరిగి, ఏడో పొరలోకి దిగి ఆగింది. తాపీ మొనతో అంచు వెంబడి గీసుకుంటూ వచ్చింది ఆమె. ఒక పక్క మట్టి కరకరమంది. రెండో పక్క తాపీ చప్పుడు లేకుండా దిగింది.

అది గుంత. రెండో పొర కాలంలో ఎవరో తవ్వి, అక్కడి మట్టితోనే మళ్లీ పూడ్చారు. గుంతలో చాలా భాగం ట్రెంచ్ బయటే ఉంది, మా మూలలోకి వచ్చింది చిన్న ముక్క. మేం ఏడో పొరదనుకుని తీసిన బొగ్గు ఆ గుంత అడుగున ఉన్నది.

పక్కనే నిలబడ్డ పెద్దాయన, మా తవ్వకం పనివాళ్లలో అందరికన్నా అనుభవమున్నాయన, నెమ్మదిగా అన్నారు: "పోయినేడే చెప్పాను కదమ్మా, ఇక్కడ తాపీ దానంతటదే దిగిపోతోందని."

ఆ రాత్రి మొదటి సీజన్ నోటుబుక్కులు తిరగేశాను. ఉంది. అదే అమ్మాయి చేతిరాతతో, ఏడో పొర పేజీలో, కింద అంచున: మూల దగ్గర మట్టి మెత్తగా, వదులుగా ఉందని పెద్దాయన చెప్పారు. ఆ పేజీ మీద నా సంతకం కూడా ఉంది. చదివాను, సంతకం పెట్టాను, దాటిపోయాను. ఆయన వేళ్లకు తెలిసిన విషయం, ఆమె కాగితం మీద పెట్టిన విషయం నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఫలితంగా మేం ఒక తేదీని, అంతకన్నా విలువైన ఒక ఏడాదిని పోగొట్టుకున్నాం.

కెన్యాకు చెందిన కమోయా కిమేయు గురించి మా విద్యార్థులకు ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను. 1984లో తుర్కానా సరస్సు పడమటి ఒడ్డున, నరియోకోటోమే దగ్గర, చుట్టూ ఉన్న రాళ్ల రంగులోనే ఉన్న ఒక చిన్న పుర్రె ముక్కను గుర్తుపట్టినది ఆయన కన్ను. దాని వెంబడి తవ్వితే దాదాపు 15 లక్షల ఏళ్ల కిందటి పిల్లవాడి అస్థిపంజరం బయటపడింది. ఆ కన్ను ఏ పరికరానికీ తీసిపోదు. మన దేశాల్లో ఇలాంటి కళ్లు, ఇలాంటి వేళ్లు ప్రతి తవ్వకంలోనూ ఉన్నాయి. వాళ్ల మాటకు రికార్డులో చోటు లేకపోవడం వల్ల సైన్సే నష్టపోతోంది.

రెండో సీజన్‌లో ఏం మార్చాం

రెండోసారి తేదీల కోసం దూలాలు, పెద్ద బొగ్గులు ముట్టుకోలేదు. ఒక్క ఏడాదిలో పెరిగి పండేవి కావాలి: గింజలు. కాలిన గింజ దొరికితే అది చెప్పే ఏడాది, మనుషులు ఆ పంటను కోసిన ఏడాదే.

కాలిన గింజలు చేతితో ఏరితే దొరకవు. మట్టిని నీటిలో వేసి, తేలినవాటిని పట్టాలి. ఈ ఫ్లోటేషన్ పని కోసం ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఇరాన్‌లోని సిరాఫ్ తవ్వకాల్లో డేవిడ్ విలియమ్స్ 1970లలో రూపొందించిన డిజైన్‌కు మూలం ఒక నూనె డ్రమ్మే. మేమూ డ్రమ్ము తెచ్చి, లోపల ఒక మిల్లీమీటరు రంధ్రాల వలను వేలాడదీసి, కింద నుంచి నీరు వచ్చేలా పైపు బిగించి, పై అంచున పొర్లే నీటిని పట్టేందుకు పావు మిల్లీమీటరు జాలీ పెట్టాం. నీరు కరువు కాబట్టి మట్టి అడుగుకు దిగి నీరు తేరుకునే రెండు తొట్లు పెట్టి అదే నీటిని మళ్లీ మళ్లీ వాడాం. అలా వాడితే ఒక పొర గింజలు ఇంకో పొరలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకని కాల్చి, రంగు గుర్తు పెట్టిన యాభై గింజలను ఒక మట్టి సంచిలో కలిపి పరీక్షించాం. ఎన్ని తిరిగి దొరికాయి, తర్వాతి సంచిలో ఎన్ని తేలాయి అని లెక్క చూశాకే అసలు మట్టి వేశాం.

ప్రతి పొర నుంచి కనీసం ఇరవై లీటర్ల మట్టి తీశాం. తేలినదాన్ని గుడ్డలో మూటకట్టి నీడలోనే ఆరబెట్టాం. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది గానీ గింజలు పగిలిపోతాయి. మొదటి మూడు మూటలు ఎవరో మంచి మనసుతోనే ఎండలో పెట్టారు. వాటిలో మిగిలింది బొగ్గు పొడి.

గింజ పేరు తెలియకుండా దాన్ని తేదీకి పంపకూడదు. కొలతలో అది బూడిదైపోతుంది, మళ్లీ చూడటానికి ఉండదు. పేరు తెలియాలంటే పోల్చుకోవడానికి మన దగ్గర ఒక సేకరణ ఉండాలి. శిక్షణలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. ఆ ప్రాంతపు పంటలు, కలుపు మొక్కలు, అడవి గడ్డి గింజలు సేకరించి, ఇసుకలో పూడ్చి, 250 నుంచి 300 డిగ్రీల వేడిలో కాల్చి, కాలకముందు ఎలా ఉంది, కాలాక ఎలా ఉబ్బింది అని కొలిచి, డబ్బీల్లో దాచాలి. పది నుంచి నలభై రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోపు ఒకటి చాలు. ఆ అమ్మాయి తొమ్మిది నెలల్లో వంద జాతులకు పైగా చేసింది. ఇప్పుడు చుట్టుపక్కల దేశాల నుంచి కూడా గింజల ఫొటోలు ఆమెకే వస్తున్నాయి.

ఎముకల సంగతి క్లుప్తంగా. వేడి, తేమ ఉన్న నేలలో కొలాజెన్ నిలవదు. ఎంత మిగిలిందో నైట్రోజన్ కొలిచి అంచనా వేయొచ్చు. తాజా ఎముకలో నైట్రోజన్ నాలుగు శాతం పైనే ఉంటుంది. పాత ఎముకలో సుమారు 0.7 శాతం కన్నా తగ్గితే కొలాజెన్ దొరికే ఆశ పెద్దగా ఉండదు. నైట్రోజన్ కొలిచే పరికరం వ్యవసాయ పరిశోధన ల్యాబుల్లో ఉంటుంది. కొద్ది మిల్లీగ్రాముల పొడి ఇస్తే చాలు. మేం పద్నాలుగు ఎముకలు చూపించాం. ఒక్కటీ 0.3 శాతం దాటలేదు. ఒక్కటి కూడా బయటికి పంపలేదు. మొదటి సీజన్‌లోనే ఈ పని చేసి ఉంటే ఎనిమిదో పొర ఎముక ఇవాళ్టికీ మా దగ్గరే ఉండేది. పురాతన డీఎన్‌ఏ ఆశతో ఎముకలు కోసేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. హర్యానాలోని హరప్పా కాలపు సైట్ రాఖీగఢీలో అరవైకి పైగా శాంపిళ్లు పరీక్షిస్తే, 2019లో ప్రచురించడానికి వీలైన జన్యు సమాచారం ఒకే ఒక్క వ్యక్తి నుంచి వచ్చింది.

ఫలితాలు

రెండో విడతలో తొమ్మిది గింజలు పంపాం. అన్నీ పప్పుధాన్యాల బద్దలు. చిరుధాన్యం గింజ ఒక్కటే పంపితే కార్బన్ చాలకపోవచ్చు, నాలుగైదు కలిపితే వేర్వేరు కాలాలవి కలిసిపోవచ్చు. పప్పు బద్ద ఒక్కటే చాలు. పొయ్యి బూడిదలోనో, గాదె అడుగునో గుంపుగా దొరికినవాటికే మొదటి చోటు ఇచ్చాం. ఒంటరిగా దొరికిన గింజ ఎలుక బొరియలోంచి, చీమల దారిలోంచి, బీటలోంచి ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ఎనిమిది వరుసలో వచ్చాయి. మూడో పొర ఇప్పుడు రెండో పొరకు, ఐదో పొరకు మధ్య పొందికగా కూర్చుంది. తొమ్మిదోది, నాలుగో పొరలో ఒంటరిగా దొరికిన బద్ద, 1950 తర్వాతిదని తేలింది. 1950లు, 60లలో జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో రేడియోకార్బన్ దాదాపు రెట్టింపైంది. ఆ తర్వాత పెరిగినదేదైనా ఆ గుర్తును మోస్తుంది. పొలాల్లో కోతల తర్వాత పెట్టే మంటల్లో కాలి, బీటలోంచి జారిన గింజ కావాలి. చూడటానికి మిగతావాటికీ దానికీ తేడా లేదు. దాన్ని పంపాలని పట్టుబట్టింది నేనే. ఒంటరి గింజను ఎందుకు నమ్మకూడదో చూపడానికి ఇప్పుడు ఆ ఫలితమే మా పాఠంలో ఉంది.

ముడి తేదీలను క్యాలెండర్ ఏళ్లలోకి మార్చేటప్పుడు ఉష్ణమండలంలో ఒక చిక్కు ఉంది. ఉత్తరార్ధగోళానికి ఇంట్‌కాల్20, దక్షిణానికి ఎస్‌హెచ్‌కాల్20 అని రెండు వేర్వేరు వక్రరేఖలున్నాయి. భూమధ్యరేఖకు దగ్గర్లో రెండు అర్ధగోళాల గాలీ కలుస్తుంది, కాబట్టి ఏది వాడాలన్నది ఆలోచించాల్సిన విషయం. మేం రెండింటితోనూ లెక్క వేసి చూశాం. తేడా కొన్ని దశాబ్దాలు దాటలేదు. ఆ మాట రిపోర్టులో రాశాం. పొరల క్రమాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఆక్స్‌కాల్ ప్రోగ్రామ్ ఉచితమే. ఇంటర్నెట్ ఉంటే ఎక్కడినుంచైనా నడుపుకోవచ్చు. కానీ దానికి పొరల క్రమం మనమే చెప్పాలి. తప్పుగా చెబితే తప్పునే చక్కటి గ్రాఫ్‌గా గీసి ఇస్తుంది. గుంత కనిపించకముందు మా ట్రెంచ్ క్రమం అలాగే తప్పుగా ఉండేది.

మొదటి తేదీలను నమ్మి ఉంటే, ఆ ఊరు కొన్ని వందల ఏళ్లు పాడుబడి మళ్లీ వెలిసిందని రాసేవాళ్లం. ఆ మేరకు ఒక డ్రాఫ్ట్ కూడా సిద్ధమైంది. ఇప్పుడు తెలిసినదేమిటంటే, అక్కడ ఖాళీయే లేదు. తరం తర్వాత తరం అక్కడే ఉన్నారు, ఇల్లు కాలితే అక్కడే మళ్లీ కట్టుకున్నారు. ఆ మనుషుల గురించి అబద్ధం అచ్చు వేయలేదన్నది నాకు అన్నిటికన్నా పెద్ద ఊరట.

శిక్షణ గురించి నా అభిప్రాయం

యంత్రాలు దూరంగా ఉన్నాయన్నది ఇదివరకటంత నిజం కాదు. యాక్సిలరేటర్‌తో రేడియోకార్బన్ కొలిచే ల్యాబులు ఢిల్లీలో ఉన్నాయి, జోహన్నెస్‌బర్గ్‌లో ఉన్నాయి, బ్రెజిల్‌లోని నితెరోయ్‌లో ఉన్నాయి. అయినా చాలామందికి శాంపిల్ సరిహద్దు దాటక తప్పదు. మా విద్యార్థులకు స్కాలర్‌షిప్ రాగానే వాళ్లు కోరుకునేది పెద్ద మాస్ స్పెక్ట్రోమీటర్ (పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే యంత్రం) మీద పని. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. కానీ తిరిగొచ్చాక ఆ యంత్రం ఉండదు. ఉన్నా హీలియం సిలిండర్ కోసం, ఒక విడిభాగం కోసం నెలల తరబడి మూతపడి ఉంటుంది. నేర్చిన చెయ్యి ఖాళీగా కూర్చుంటుంది. ఆ నిరాశతో ఈ రంగమే వదిలేసిన తెలివైనవాళ్లను నేను చూశాను.

అందుకే శిక్షణలో ఉన్న ఆ అమ్మాయి విదేశీ ల్యాబ్‌కు మూడు నెలలు వెళ్లినప్పుడు, యంత్రం గది కన్నా శాంపిల్ కడిగే గదిలో ఎక్కువ రోజులు ఉండమని చెప్పాను. ఏ ముక్క ఎందుకు కరిగిపోతుందో, ఏ బరువు దగ్గర ల్యాబ్ ఆగిపోతుందో, రిపోర్టులో ఏ అంకె అనుమానించాలో చూసి రమ్మన్నాను. తిరిగొచ్చాక ఆమె ల్యాబ్‌కు రాసే ప్రశ్నలు మారిపోయాయి. వాళ్ల జవాబుల తీరూ మారింది. రెండో విడత పేపర్‌లో మొదటి పేరు ఆమెది. శాంపిల్ తీసి ఇచ్చినందుకు చివర్లో కృతజ్ఞతలు చెప్పించుకునే స్థానం నుంచి, ఏ శాంపిల్ పంపాలో నిర్ణయించే స్థానానికి రావాలంటే ఈ పాండిత్యమే దారి అని నా నమ్మకం.

ఎగుమతి అనుమతులకు ఐదు నెలలు పట్టింది. దరఖాస్తులో ప్రతి గింజ బరువు, ఫొటో, కొలతలో అది నాశనమవుతుందన్న మాట, మిగిలింది తిరిగి వస్తుందన్న మాట స్పష్టంగా రాశాం. ఒక మాట అస్పష్టంగా ఉన్నందుకు ఒకసారి వెనక్కి వచ్చింది. ఆ జాగ్రత్త న్యాయమైనదే.

మా పొర షీటు ఇప్పుడు మారింది. రంగు, గట్టిదనం, తేమ గడుల పక్కన "తవ్వినవారు చెప్పింది" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంటే నేను సంతకం పెట్టను. పెద్దాయన పేరు తవ్వకం బృందం జాబితాలో, పేపర్‌లోనూ ఉంది. కొత్త విద్యార్థులకు మొదటి వారం తాపీ పట్టడం నేర్పేది ఆయనే.

తొమ్మిదో పొరకు ఇంకా తేదీ లేదు. అరవై లీటర్ల మట్టి తేల్చితే పప్పు బద్ద ముక్కలు రెండు దొరికాయి. వేర్వేరు సంచుల్లో, రెండూ ఒంటరిగా. ఒకదాని పక్కనే సన్నని పచ్చి వేరు కూడా ఉంది. వాటిని చిన్న సీసాలో పెట్టి, లేబుల్ రాసి, అల్మరాలో ఉంచాం. పంపలేదు. వచ్చే సీజన్‌లో ట్రెంచ్‌ను పడమటికి రెండు మీటర్లు పెంచుతున్నాం. అక్కడ మట్టి కింద ఎర్రగా కాలిన నేల అంచు తగులుతోందని పెద్దాయన అంటున్నారు.